ఆఫీసు కంప్యూటర్లలో ఎవరికి ఎంత అనుమతి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి

“స్టాఫ్ ఏవేవో సాఫ్ట్‌వేర్లు వేసేస్తున్నారు, ఆపేదెలా?” “ఒకే పాస్‌వర్డ్ అందరికీ తెలుసు, ఇప్పుడేం చేయాలి?” “జీతాల షీటు బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే అబ్బాయి తెరిచి చూశాడు, అది ఎలా సాధ్యం?” రాణిగంజ్ హోల్‌సేల్ దుకాణాల నుంచి, బాలానగర్ వర్క్‌షాపుల నుంచి, హిమాయత్‌నగర్ ఆడిటర్ ఆఫీసుల నుంచి తరచూ వచ్చే ప్రశ్నలివి. హైటెక్ సిటీలోని పెద్ద కంపెనీలకు ఈ పని చూసుకోవడానికి ఒక విభాగమే ఉంటుంది. నాలుగు నుంచి ఇరవై కంప్యూటర్లుండి, ఏదైనా చెడిపోతే ఇంజినీరుకు ఫోన్ చేసే సంస్థల కోసం ఇది రాస్తున్నాను. ఒక ఆదివారం కేటాయిస్తే పని చాలావరకు పూర్తవుతుంది.

విండోస్‌లో ఖాతాలు ప్రధానంగా రెండు రకాలు: అడ్మినిస్ట్రేటర్, స్టాండర్డ్. మీరు తెరిచే ప్రతి ప్రోగ్రామూ మీకున్న అధికారంతోనే నడుస్తుంది. అడ్మిన్‌గా ఉన్నప్పుడు మెయిల్లో వచ్చిన దొంగ ఇన్‌వాయిస్‌ను తెరిచి, అనుమతి అడిగే పెట్టెలో “ఎస్” నొక్కితే, ఆ ప్రోగ్రామ్ యాంటీవైరస్‌ను ఆపేయగలదు, కొత్త యూజర్‌ను సృష్టించుకోగలదు, అందరి ఫైళ్లూ చూడగలదు. స్టాండర్డ్ ఖాతాలో అదే పెట్టె “ఎస్”తో సరిపెట్టుకోదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. తెలియక చేసిన ఒక్క క్లిక్కుతో ఆఫీసంతా మూతపడకుండా కాపాడేది ఈ తేడాయే.

అయితే స్టాండర్డ్ ఖాతా పెట్టగానే నిశ్చింతగా ఉండవచ్చనుకోకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌కు అడ్మిన్ అధికారం తప్పనిసరి కాదు. ఆ ఉద్యోగి ఏ ఫైళ్లను మార్చగలడో, వాటన్నింటినీ అది పాడు చేయగలదు. అందుకే ఖాతాలు మార్చడం సగం పని, ఫోల్డర్ల అనుమతులు సరిచేయడం మిగతా సగం. చాలామంది మొదటి సగంతోనే ఆగిపోతున్నారు.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ప్రతి కంప్యూటర్‌కూ ఇప్పుడున్న అడ్మిన్ పాస్‌వర్డ్. తెలియకపోతే మీ ఇంజినీరును అడిగి తెలుసుకున్నాకే మొదలుపెట్టండి.
- ముఖ్యమైన డేటా మొత్తం బయటి హార్డ్ డిస్కులో బ్యాకప్. కాపీ అయ్యాక ఆ డిస్కును కంప్యూటర్ నుంచి తీసేయండి.
- ఏ కంప్యూటర్లో విండోస్ హోమ్ ఉంది, దేనిలో ప్రో ఉంది అన్న వివరం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది.
- ఒక నోటుపుస్తకం, ఒక కవరు, తాళం వేసుకునే బీరువా.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఈ అడుగులు దానిలోనూ పనిచేస్తాయి కానీ భద్రతా అప్‌డేట్లు అందని యంత్రాన్ని అనుమతులతో మాత్రమే కాపాడుకోలేరు. దాన్ని మార్చే ఆలోచన కూడా చేయండి.

1. ఎవరి పని ఏమిటో కాగితం మీద రాయండి

ఇంకా కంప్యూటర్ ముట్టుకోకండి. ఉదాహరణకు రాణిగంజ్‌లో పంపుసెట్లు, మోటార్లు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణం అనుకుందాం. యజమాని, సాయంత్రాలు వచ్చే పార్ట్‌టైమ్ అకౌంటెంటు, బిల్లింగ్‌లో ఇద్దరు, గోడౌన్లో ఒకరు ఉంటారు. ఒక్కొక్కరి పేరుకు ఎదురుగా మూడే విషయాలు రాయండి: ఏది చూడాలి, ఏది మార్చాలి, ఏదాన్ని అసలు చూడనక్కర్లేదు. బిల్లింగ్ వారు ధరల పట్టిక చూడాలి కానీ మార్చనక్కర్లేదు. గోడౌన్ వారికి స్టాకు చాలు. అకౌంటెంటుకు పుస్తకాలన్నీ కావాలి కానీ కంప్యూటర్లో కొత్త ప్రోగ్రామ్ వేసే అధికారం అక్కర్లేదు.

“ఎప్పుడైనా అవసరం పడొచ్చు” అనిపించినవి ఇవ్వకండి. అవసరం పడిన రోజు ఇవ్వడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇచ్చిన దాన్ని వెనక్కి తీసుకోవడానికి మనసులు నొచ్చుకుంటాయి.

2. సిబ్బందితో ముందే మాట్లాడండి

సాంకేతికంగా ఏ ఇబ్బందీ లేకపోయినా చాలా ఆఫీసుల్లో పని ఇక్కడే చెడుతుంది. పదిహేనేళ్లుగా ఉన్న అకౌంటెంటు సోమవారం వచ్చి కూర్చోగానే తెర మీద పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తే, “ఇన్నాళ్లకు నా మీద నమ్మకం పోయిందా?” అనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు. మీరు చెప్పకుండా చేశారు కాబట్టి.

ముందు రోజే కూర్చోబెట్టి చెప్పండి: “సార్, రేపు ఎక్కడైనా ఎంట్రీ తేడా వస్తే మీ పేరు మీదికి రాకూడదు. ఇప్పుడు అందరూ ఒకే లాగిన్‌తో చేస్తున్నారు, ఎవరు చేశారో తేలదు. ఇక మీ పని మీ పేరుతోనే ఉంటుంది. నా కంప్యూటర్‌కూ ఇదే చేస్తున్నాను.”

ఆ చివరి మాట నిజం కావాలి. మార్పు యజమాని కంప్యూటర్‌తోనే మొదలవ్వాలి, ఇందులో మినహాయింపు లేదు. మర్యాద ఒక కారణమైతే, బ్యాంకు మెయిళ్లు, డిజిటల్ సంతకం టోకెన్, జీఎస్టీ లాగిన్ అన్నీ ఉండేది ఆ కంప్యూటర్లోనే కావడం రెండో కారణం. దొంగకు కావలసింది గోడౌన్ కంప్యూటర్ కాదు, మీదే. “నేను ఓనర్‌ని, నాకు అడ్మిన్ ఉండాలి కదా” అనేవారికి నా జవాబు: ఉండాలి, కానీ ఆ ఖాతాతో రోజూ పని చేయకూడదు.

3. కొత్త అడ్మిన్ ఖాతా తెరవండి

కొత్తవారు సాధారణంగా ఉద్యోగికి కొత్త స్టాండర్డ్ ఖాతా తెరిచి, పాతదాన్ని అడ్మిన్‌గా ఉంచేస్తారు. దాంతో ఉద్యోగి డెస్క్‌టాప్ ఖాళీగా కనిపిస్తుంది, బ్రౌజర్‌లో దాచుకున్నవి ఉండవు, వాట్సాప్ వెబ్ మళ్లీ కలపాలి, ప్రింటర్ కూడా కనిపించకపోవచ్చు. మధ్యాహ్నానికల్లా అందరూ పాత ఖాతాలోకే వెళ్లిపోతారు.

తిరగేసి చేయండి. కొత్త ఖాతా అడ్మిన్ కోసం తెరిచి, పాత ఖాతాను స్టాండర్డ్‌గా మార్చండి. ఉద్యోగికి తన డెస్క్‌టాప్ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. కంప్యూటర్‌ను సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించుకున్నా, విండోస్ వేసేటప్పుడు తెరిచే మొదటి ఖాతా అడ్మినే కాబట్టి అన్నిచోట్లా ఇదే పద్ధతి.

సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్‌లోకి వెళ్లి యాడ్ అకౌంట్ నొక్కండి. మెయిల్ ఐడీ అడిగే చోట, ఈ వ్యక్తి వివరాలు మీ దగ్గర లేవని చెప్పే లింకు నొక్కండి. తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండానే యూజర్‌ను చేర్చే లింకు ఉంటుంది. పేరు, పాస్‌వర్డ్ ఇచ్చాక, అదే జాబితాలో ఆ పేరు మీద నొక్కి చేంజ్ అకౌంట్ టైప్‌లో అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి.

పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి. దుకాణం పేరు, ఫోన్ నంబరు, పిల్లల పుట్టిన తేదీ వద్దు. ప్రతి కంప్యూటర్‌కూ వేరే పాస్‌వర్డ్ పెట్టండి. ఒకటి బయటపడినా మిగతావి నిలుస్తాయి. అన్నీ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించి, బీరువాలో ఉంచండి. మీరు ఊళ్లో లేనప్పుడు కవరు తెరవగల మనిషి ఒకరుండాలి. తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ మార్చి కొత్త కవరు పెట్టండి.

4. కొత్త అడ్మిన్‌లోకి వెళ్లి చూశాకే పాతదాన్ని తగ్గించండి

ఈ వరుస తప్పితే మీ కంప్యూటర్ బయట మీరే నిలబడాల్సి వస్తుంది. పాత ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, కొత్త అడ్మిన్‌తో లోపలికి వెళ్లండి. ఏదైనా ప్రోగ్రామ్ మీద కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కి, అది తెరుచుకుంటోందో లేదో చూడండి. తెరుచుకుంటే, అదర్ యూజర్స్‌లో పాత ఖాతా మీద నొక్కి స్టాండర్డ్ యూజర్‌గా మార్చండి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. లాగిన్ అయి ఉన్న మనిషికి పాత అధికారం సైన్ అవుట్ అయ్యేదాకా కొనసాగుతుంది. రీస్టార్ట్ చేయకుండా పరీక్షించి “ఏమీ మారలేదే” అనుకునేవారు ఎందరో.

ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు వాడుతుంటే ఇద్దరికీ వేర్వేరు స్టాండర్డ్ ఖాతాలు తెరవండి. “కౌంటర్1” లాంటి ఉమ్మడి పేర్లు వద్దు, మనిషి పేరే ఉండాలి.

ప్రింటర్లు ఈ పూటే వేసేయండి. 2021 ఆగస్టు అప్‌డేట్ నుంచి ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మిన్ అధికారం అడుగుతోంది. మరిచిపోతే సోమవారం ఉదయం బిల్లు ప్రింటు రాలేదని మొదటి ఫోను వస్తుంది.

5. ఫోల్డర్ల అనుమతులు

ఎక్కువ సమయం దీనికే ఉంచుకోండి. మన ఆఫీసుల్లో డేటా అంతా డీ డ్రైవ్‌లో ఉంటుంది. ఖాతాలు వేర్వేరుగా చేశాం కాబట్టి ఒకరి ఫైళ్లు మరొకరికి కనిపించవని అనుకుంటారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ వరకు అది నిజం. డీ డ్రైవ్‌కు కాదు. విండోస్‌లో కొత్తగా ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో, లాగిన్ అయిన ఎవరికైనా ఫైళ్లు మార్చే, తుడిచేసే అనుమతి మామూలుగానే ఉంటుంది. జీతాల షీటు కౌంటర్లోని అబ్బాయికి తెరుచుకున్నది అందుకే.

ముందు ఫోల్డర్లను విడదీయండి: “ధరలు”, “బిల్లులు”, “జీతాలు”, “బ్యాకప్”, “అందరికీ”. తర్వాత “జీతాలు” లాంటి ఫోల్డర్ ఒకటి తీసుకుని ఇలా చేయండి:

అ) అడ్మిన్ ఖాతాలో ఉండి ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లండి.

ఆ) డిజేబుల్ ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ నుంచి వచ్చే అనుమతులను ఆపేది) నొక్కండి. రెండు దారులు చూపిస్తుంది. ఉన్న అనుమతులను అలాగే ఉంచి విడదీసే మొదటి దారి ఎంచుకోండి. రెండోది ఉన్నవన్నీ తుడిచేస్తుంది.

ఇ) జాబితాలో యూజర్స్, అథెంటికేటెడ్ యూజర్స్ పేర్లు తీసేయండి. సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ అనే రెండింటినీ ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు.

ఈ) యాడ్ నొక్కి, కావలసిన మనిషి పేరు చేర్చి, చూడటానికే అయితే రీడ్ అండ్ ఎగ్జిక్యూట్, మార్చాలంటే మాడిఫై ఇవ్వండి. ఫుల్ కంట్రోల్ ఎవరికీ అక్కర్లేదు. అది ఉన్నవారు అనుమతులనే మార్చుకోగలరు.

మొదట ఒక ఖాళీ ఫోల్డర్ మీద సాధన చేయండి. సీ డ్రైవ్ మొత్తానికి గానీ, విండోస్ ఫోల్డర్‌కు గానీ ఇది చేయకండి, కంప్యూటర్ లేవకపోవచ్చు. ‘డినై’ గడిని వాడకపోవడమే మంచిది. సాధారణంగా అది మిగతా అనుమతులన్నింటినీ కొట్టేస్తుంది, ఆరు నెలల తర్వాత ఎందుకు తెరుచుకోవడం లేదో ఎవరికీ అర్థం కాదు. అనుమతి ఇవ్వకపోతే లేనట్టే.

“బ్యాకప్” ఫోల్డర్‌లో రాసే అనుమతి రోజువారీ ఖాతాలు వేటికీ ఉండకూడదు, యజమాని ఖాతాకు కూడా. బ్యాకప్‌ను అడ్మిన్ ఖాతాతోనో, అడ్మిన్ అధికారంతో నడిచే ప్రోగ్రామ్‌తోనో తీయండి. రాన్సమ్‌వేర్ వచ్చిన రోజున మిగిలేది ఆ ఫోల్డరూ, బీరువాలోని హార్డ్ డిస్కూ మాత్రమే.

నెట్‌వర్కులో పంచుకునే ఫోల్డర్ అయితే రెండు చోట్ల అనుమతులుంటాయి: షేరింగ్‌లో ఒకటి, సెక్యూరిటీలో ఒకటి. ప్రహరీ గేటు, ఇంటి తలుపు లాంటివి ఇవి. రెండూ దాటితేనే లోపలికి, ఏది బిగువుగా ఉంటే అదే నిలుస్తుంది. షేరింగ్‌లో ఎవ్రీవన్ తీసేసి, అథెంటికేటెడ్ యూజర్స్‌కు రీడ్, చేంజ్ ఇచ్చి, మనుషుల వారీ తేడాలు సెక్యూరిటీలో పెట్టండి.

ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానిలోని ఫోల్డర్ తెరవాలంటే, ఫోల్డర్ ఉన్న కంప్యూటర్లో కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో ఒక ఖాతా ఉండాలి. పాస్‌వర్డ్ లేని ఖాతాలను విండోస్ నెట్‌వర్కు ద్వారా రానివ్వదు. దీనితో విసిగిపోయి చాలామంది, లేదా వారి ఇంజినీర్లు, పాస్‌వర్డ్‌తో కూడిన షేరింగ్‌నే ఆపేస్తారు. అప్పటి నుంచి మీ వైఫైలో చేరిన ఎవరి ఫోనుకైనా ఆ ఫోల్డర్ అందుబాటులో ఉండవచ్చు. నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్‌లో ఆ అమరిక ఆన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూడండి.

6. టాలీలో ఎవరి లాగిన్ వారికి

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌లో కంపెనీ వివరాల్లో యూజర్ల అనుమతులు నియంత్రించే అమరికను ఎస్ చేసి, ప్రధాన యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. తర్వాత ఆల్ట్, కే నొక్కితే వచ్చే మెనూలో యూజర్ రోల్స్, యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్ కనిపిస్తాయి. బిల్లింగ్ వారికి డేటా ఎంట్రీ రోల్ ఆధారంగా కొత్త రోల్ చేసి, లాభనష్టాలు, బ్యాలెన్స్ షీటు చూడకుండా, పాత తేదీలతో ఓచర్లు వేయకుండా పరిమితులు పెట్టండి. ఓనర్ రోల్ యజమానికి మాత్రమే.

కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలైతే ఇది ఐచ్ఛికం అనుకోకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు, ప్రతి మార్పునూ నమోదు చేసే, ఆ నమోదును ఆపడానికి వీల్లేని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌నే కంపెనీలు వాడాలి. అందరూ ఒకే లాగిన్‌తో పని చేస్తే, ఆ చిట్టాలో ఎప్పుడు మారిందో ఉంటుంది, ఎవరు మార్చారో తేలదు. ఆడిటర్ అడిగిన రోజు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. మామూలు అమరికలో టాలీ వాడే ప్రతి ఉద్యోగికీ టాలీ డేటా ఫోల్డర్‌లో రాసే అనుమతి విండోస్‌లో ఇవ్వక తప్పదు. అంటే ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడాన్ని టాలీ రోల్స్ ఆపలేవు. టాలీ వాల్ట్ పాస్‌వర్డ్ పెడితే ఆ కాపీ పాస్‌వర్డ్ తెలియనివారికి తెరుచుకోదు. కానీ వాల్ట్ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి రాదు. కవర్లో అదీ రాయండి.

7. ఆన్‌లైన్ లాగిన్లు

ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్-యూజర్లను చేసే సదుపాయం ఉంది. సరుకు పంపే ఉద్యోగికి బిల్లు తయారుచేసే పనికి మాత్రమే సబ్-యూజర్ ఇవ్వండి, ప్రధాన పాస్‌వర్డ్ వద్దు. బ్యాంకు కార్పొరేట్ నెట్ బ్యాంకింగ్‌లో చెల్లింపు పెట్టేవారు, ఆమోదించేవారు వేరుగా ఉండేలా అడగండి. గూగుల్ డ్రైవ్‌లో లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు అన్న అమరికతో పంచిన ఫైళ్లను వెతికి, మనుషుల మెయిల్ ఐడీలకు మాత్రమే పరిమితం చేయండి. డిజిటల్ సంతకం టోకెన్ పని అయ్యాక కంప్యూటర్‌కు తగిలించి ఉండకూడదు.

సరిగ్గా అయిందో లేదో చూడండి

ఉద్యోగి ఖాతాతో, ఉద్యోగి కూర్చునే కుర్చీలోనే కూర్చుని చూడండి.

మొదట సెట్టింగ్స్, అకౌంట్స్, యువర్ ఇన్ఫోలో పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అన్న మాట ఉండకూడదు.

తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో డేట్ అండ్ టైమ్ తెరిచి తేదీ మార్చబోండి. నీలం, పసుపు రంగుల డాలు గుర్తున్న ఆ బటన్ నొక్కగానే పాస్‌వర్డ్ అడగాలి. “ఎస్”, “నో” మాత్రమే చూపిస్తే ఆ ఖాతా ఇంకా అడ్మినే. ఏమీ అడగకుండా మార్చనిచ్చినా ఆ ఖాతా అడ్మినే, విండోస్ సొంత అమరికలు మార్చేటప్పుడు అడ్మిన్‌ను అది మామూలుగా అడగదు. కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్ కంట్రోల్ అమరిక కూడా తెరిచి చూడండి, గీత మీది బొత్తాం అట్టడుగున ఉంటే ఎవరో ఆ అనుమతి పెట్టెనే ఆపేశారు, దాన్ని పైకి జరపండి.

ఆ తర్వాత “జీతాలు” ఫోల్డర్ తెరవబోండి. అనుమతి లేదని చెప్పాలి. “ధరలు” ఫోల్డర్‌లో ఒక ఫైలు తెరిచి, మార్చి, సేవ్ చేయబోండి. తెరుచుకోవాలి, సేవ్ కాకూడదు. ఒక్కొక్కరితో కూర్చునే తీరిక లేకపోతే ఫోల్డర్ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో ఎఫెక్టివ్ యాక్సెస్ అనే ట్యాబ్ ఉంది. అక్కడ పేరు ఇస్తే ఆ మనిషికి ఏమేమి అనుమతులున్నాయో టిక్కులతో చూపిస్తుంది.

చివరగా, ఆగకూడనివి ఆగలేదని కూడా చూడండి: బిల్లు ప్రింటు, టాలీ, స్కానర్, డిజిటల్ సంతకం. ఇవి ఆగితే మీ శ్రమంతా వారంలో వెనక్కి పోతుంది.

తరచుగా జరిగే పొరపాట్లు

ఏదో ఒక ప్రోగ్రామ్ తెరుచుకోలేదని ఉద్యోగిని మళ్లీ అడ్మిన్‌గా మార్చడం అన్నింటికంటే ఎక్కువగా జరిగేది. అలా చేయకండి. మొదట ఆ ప్రోగ్రామ్‌ను అడ్మిన్ ఖాతా నుంచి తాజా వెర్షన్‌కు మార్చి చూడండి. అయినా మొరాయిస్తే, ఆ ఒక్క ప్రోగ్రామ్ ఫోల్డర్‌కు మాత్రం ఆ ఉద్యోగికి మాడిఫై ఇవ్వండి. పాత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు తమ ఫోల్డర్‌లోనే రాసుకుంటాయి కాబట్టి దీనితో చాలావాటి సమస్య తీరుతుంది. ఇది రాజీయే, కానీ మొత్తం కంప్యూటర్‌ను అప్పగించడం కంటే చాలా చిన్న రాజీ.

అడ్మిన్ పాస్‌వర్డ్‌ను “ఈ ఒక్కసారికి” ఫోన్లో చెప్పేయడం రెండోది. మీరే వెళ్లి కొట్టండి. దూరంగా ఉంటే చెప్పండి, కానీ సాయంత్రానికి మార్చండి.

దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ సాఫ్ట్‌వేర్ గురించి ఎవరూ ఆలోచించరు. ఎనీడెస్క్ లాంటివి ఇన్‌స్టాల్ చేయకుండానే నడుస్తాయి, స్టాండర్డ్ ఖాతా వాటిని ఆపదు. బ్రౌజర్లు, మరికొన్ని ప్రోగ్రామ్‌లు కూడా ఉద్యోగి సొంత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ అయిపోతాయి. ఎవరూ లేనప్పుడు కూడా కనెక్ట్ అయ్యే పాస్‌వర్డ్ ఎవరైనా పెట్టి ఉంటే తీసేయించండి. “బ్యాంకు నుంచి”, “జీఎస్టీ ఆఫీసు నుంచి” అంటూ ఫోన్ చేసి ఇలాంటి ప్రోగ్రామ్ తెరవమంటే ఫోన్ పెట్టేయాలని సిబ్బందికి గట్టిగా చెప్పండి.

అడ్మిన్ ఖాతాలో ఉండి వేరే యూజర్ ఫోల్డర్ తెరవబోతే “కంటిన్యూ” బటన్ వస్తుంది. నొక్కితే ఆ ఖాతాకు ఆ ఫోల్డర్ మీద శాశ్వతంగా అనుమతి పడిపోతుంది. చూద్దామని నొక్కకండి.

ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజు

మర్నాటికి వాయిదా వేయవద్దు. గొడవపడి వెళ్లినా, సంతోషంగా టీ తాగి వెళ్లినా ఒకటే పద్ధతి ఉండాలి, అప్పుడే అది ఎవరికీ అవమానం కాదు. విండోస్ ఖాతాను తొలగించకండి, ఆ ఖాతాతో పాటు ఫైళ్లూ పోతాయి. ప్రో అయితే కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో డిజేబుల్ చేయండి, హోమ్ అయితే పాస్‌వర్డ్ మార్చండి. ఫోల్డర్లున్న కంప్యూటర్లోని ఖాతాను కూడా మరవకండి. టాలీ యూజర్, ఈ-వే బిల్లు సబ్-యూజర్, డ్రైవ్ అనుమతులు ఆపేయండి. ఆఫీసు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేయండి. ఆఫీసు వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి. వైఫై పాస్‌వర్డ్ మార్చండి.

ఇంకా అడిగే కొన్ని ప్రశ్నలు

*మాకు విండోస్ హోమ్ మాత్రమే ఉంది, సరిపోతుందా?* స్టాండర్డ్ ఖాతాలు, ఫోల్డర్ అనుమతులు హోమ్‌లోనూ ఉన్నాయి. యూజర్లు, గ్రూపుల మెనూ ఉండదు కాబట్టి ఫోల్డర్లకు మనిషి మనిషికీ పేరు చేర్చాలి. ఐదారుగురి వరకు అది కష్టం కాదు. పదిమంది దాటితే ఫోల్డర్లున్న ఆ ఒక్క కంప్యూటర్‌నైనా ప్రోకు మార్చుకోండి. “బిల్లింగ్”, “అకౌంట్స్” అని గ్రూపులు చేసి గ్రూపుకే అనుమతి ఇస్తే, కొత్తవారు చేరినప్పుడు గ్రూపులో పేరు వేస్తే చాలు.

*ఇంత చేశాక కూడా డబ్బు పోతే?* వెంటనే 1930కు ఫోన్ చేయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఆపడం కష్టమవుతుంది. ఆ కంప్యూటర్ నెట్‌వర్కు తీగ పీకేసి, వైఫై ఆపండి, ఫార్మాట్ మాత్రం చేయించకండి, ఆధారాలు పోతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటి పరిధిలోకి వచ్చే సంస్థలు అందులో పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలి.

*మా ఇంజినీరు అడ్మిన్ పాస్‌వర్డ్ తన దగ్గర ఉండాలంటున్నాడు, ఇవ్వాలా?* అతని పేరుతో వేరే అడ్మిన్ ఖాతా తెరవండి. అతను వచ్చినప్పుడు దాన్ని ఎనేబుల్ చేసి, పని అయ్యాక డిజేబుల్ చేయండి. హోమ్‌లో అయితే అతను వెళ్లగానే ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి. వెళ్లేముందు అదర్ యూజర్స్ జాబితా ఒకసారి తెరిచి, మీకు తెలియని పేరేదీ కొత్తగా చేరలేదని అతని ఎదుటే చూసుకోండి. మంచి ఇంజినీరు దీనికి నొచ్చుకోడు.